ప్రెస్ నోట్‌లో అమ్మ పేరు

తెలుగులో 'సంబంధం' అనే మాట విడిగా వాడితే ముందు స్ఫురించేది పెళ్లే. సంబంధాలు చూస్తున్నాం, మంచి సంబంధం వచ్చింది, ఆ సంబంధం తప్పిపోయింది. ఈ మాటల్లో ఎవరు ఎవరిని చూస్తారో, ఎవరి ఇష్టం అడగకుండానే విషయం ఖాయమైపోతుందో మనకు తెలియనిది కాదు. డిగ్రీ అమ్మాయిలకు పబ్లిక్ రిలేషన్స్ మొదటి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు నన్ను ముందు ఆపింది ఈ మాటే. ప్రభుత్వం దాన్ని పౌర సంబంధాలు అంటుంది. ప్రతి జిల్లాకూ ఒక పౌర సంబంధాల అధికారి ఉంటారు. జర్నలిజం పుస్తకాలేమో ప్రజా సంబంధాలు అంటాయి. పౌరులన్నా ప్రజలన్నా సంబంధం కలుపుకోవడానికి బయల్దేరేది మాత్రం ఎప్పుడూ ఒక వైపు వాళ్లే. రెండో వైపు వాళ్లు పెళ్లిచూపుల్లో పిల్లలాగా తలవంచుకుని కూర్చుంటే పని సాఫీగా జరిగిపోతుంది.

పాతబస్తీలోని ఒక ఆడపిల్లల కాలేజీలో నేను గెస్ట్ లెక్చరర్‌ని. నా పీహెచ్‌డీ సాహిత్యంలో. జర్నలిజం వాళ్లెవరూ దొరకనప్పుడు ఈ పేపరు భాష వచ్చిన మనిషికి ఇస్తే సరిపోతుందని ఇలా నా చేతికొచ్చింది. ఇది రాయడానికి కారణం ఆ పేపరు కాదు. అది చెబుతుండగా ఎదురైన ఒక నైతిక సమస్య. ఒక మనిషి గురించి చెప్పకుండా ఉండటం ఎప్పుడు మోసం అవుతుంది, ఎప్పుడు మర్యాద అవుతుంది? కనబడని స్త్రీలను కనబడేలా చేయడమే మన పని అని మనం చాలాకాలంగా నమ్ముతున్నాం కనుక, ఇది పీఆర్ వాళ్లకంటే మనకే ఎక్కువ పట్టాల్సిన ప్రశ్న అనుకుంటాను.

ఈ కోర్సులో చరిత్ర పాఠం ఎడ్వర్డ్ బెర్నేస్ దగ్గరకు రాకుండా పోదు. 1923లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఈ విషయాన్ని పాఠంగా చెప్పినవాడు. 1929 మార్చి 31న, ఈస్టర్ ఆదివారం నాడు, న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో జరిగే ఊరేగింపులో కొందరు యువతులు అందరూ చూస్తుండగా సిగరెట్లు వెలిగించారు. అప్పటికి ఆడవాళ్లు వీధిలో పొగ తాగడం తప్పు. ఆ సిగరెట్లకు 'స్వేచ్ఛా కాగడాలు' అని పేరు. యువతులకు పిలుపు అందింది రూత్ హేల్ అనే స్త్రీవాది పేరు మీద. వెనక ఉన్నది అమెరికన్ టొబాకో కంపెనీ, దానికోసం పనిచేస్తున్న బెర్నేస్. కంపెనీ పేరు ఎక్కడా బయటికి రాలేదు. నేను ఇదంతా చెప్పి, చూశారా మన నినాదాన్ని ఎలా అమ్ముకున్నారో అన్నట్టు క్లాసు వైపు చూశాను. రెండో బెంచీలోంచి ఒకమ్మాయి, "వాళ్లకి నిజంగానే తాగాలని ఉందేమో కదా మేడమ్" అంది. అందరూ నవ్వారు. నిజమే, ఉండొచ్చు. వీధిలో మగవాడిలాగా నిలబడాలన్న కోరిక వాళ్లదే, దాన్ని సిగరెట్ల అమ్మకానికి మళ్లించిన తెలివి ఇంకొకరిది. ఫోటోలో ఆ రెంటినీ విడదీసి చూపించడం ఎవరివల్లా కాదు.

పాఠ్యపుస్తకాలు బెర్నేస్‌కు పేజీలకు పేజీలు ఇచ్చి, ఆయన భార్య డోరిస్ ఫ్లైష్‌మన్‌కు ఒక వాక్యం కూడా ఇవ్వవు. ఆ సంస్థ నడపడంలో ఆమె సమాన భాగస్వామి. 1922లో పెళ్లయిన తర్వాత కూడా పుట్టింటి పేరు వదల్లేదు. 1925లో అదే పేరు మీద అమెరికా పాస్‌పోర్టు తీసుకుంది, అప్పట్లో అది చిన్న పోరాటం కాదు. అలాంటి మనిషి క్లయింట్లతో సమావేశాలకు మాత్రం దూరంగా ఉండేది. ఒక ఆలోచన ఆడమనిషిదని తెలిస్తే చర్చ ఆ మనిషి ఆడదన్న దగ్గరే ఆగిపోతుంది, ఆలోచన మంచిచెడ్డల దాకా రాదు అనే అర్థంలో ఆమె తర్వాత రాసుకుంది. లోకానికి అందరినీ చూపించే వృత్తిని కట్టినవాళ్లలో ఒకరు గదిలో తాను కనబడకుండా ఉండటాన్ని ఎంచుకోవలసి వచ్చింది. దీన్ని ఎంపిక అనొచ్చా అనకూడదా అన్నది నాకు అప్పుడు పెద్దగా పట్టలేదు. తర్వాత పట్టింది.

పుస్తకంలో తర్వాతి అధ్యాయం 'పబ్లిక్‌లు'. ఒక సంస్థకు లోపలి పబ్లిక్ ఉంటుంది, అంటే ఉద్యోగులు, వాటాదారులు. బయటి పబ్లిక్ ఉంటుంది, అంటే కొనుగోలుదారులు, పత్రికలు, ప్రభుత్వం, చుట్టుపక్కల జనం. దీన్ని బోర్డు మీద రెండు గడులుగా గీసి, లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణం తీసుకుని నింపమన్నాను. ఎందుకు లాడ్ బజార్ అంటే, మా పిల్లలకు అది తెలిసినంతగా ఏ కార్పొరేట్ కంపెనీ తెలియదు. చార్మినార్ నుంచి పడమటికి సాగే ఆ బజారుకు లాడ్ అంటే లక్క అని కొందరు, గారాబం అని కొందరు అర్థం చెప్తారు. పెళ్లి జోడా గాజులు కొనడానికి హైదరాబాదులో అన్ని మతాలవాళ్లూ అక్కడికే వెళ్తారు. దుకాణం యజమాని, గుమాస్తాలు, పెళ్లివారు, పర్యాటకులు, కార్పొరేషన్ అని గడులు చకచకా నిండాయి. అంతా అయ్యాక ఒకమ్మాయి అడిగింది, రాళ్లు అద్దేవాళ్లు ఏ గడిలోకి వస్తారని.

లక్కను బొగ్గుల వేడికి మెత్తబరుస్తారు, కడ్డీలా సాగదీస్తారు, కొలతకు తెంపి వంచి అతుకుతారు. ఆ మీద దాన్ని వేడికి చూపిస్తూ, మెత్తగా ఉన్నంతసేపట్లో చిన్న చిన్న రాళ్లు ఒక్కొక్కటే అద్దాలి. వేళ్లకు వేడి అలవాటు కావాలి, కళ్లు నిలవాలి. ఈ అద్దే పని చాలావరకు ఇళ్లలో ఆడవాళ్లది. జతల లెక్కన కూలి. సరుకు మధ్య మనిషి తెచ్చి ఇస్తాడు, అయ్యాక తీసుకుపోతాడు. వాళ్లు దుకాణం ఉద్యోగులు కారు, కాబట్టి లోపలి పబ్లిక్ కారు. గాజులు కొనేవాళ్లు కారు, కాబట్టి బయటి పబ్లిక్ కూడా కారు. ఇంటి దగ్గర చేసే పనిని పనిగా గుర్తించే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక, 177వది, 1996లో వచ్చింది. 'సేవ' వంటి సంఘాలు దానికోసం ఎంతో కొట్లాడాయి. మన దేశం దాన్ని ఆమోదించలేదు. చట్టానికి కనబడని మనిషి పాఠ్యపుస్తకం గడిలో కనబడుతుందని నేను ఆశించడమే అతి. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి తల్లి ఆ పనే చేస్తుందని నాకు తర్వాత తెలిసింది.

ఈవెంట్ల గురించిన పాఠానికి మాకు ఉదాహరణ కావాలంటే వెతుక్కోవలసిన పనిలేదు. 2025 మే 13 సాయంత్రం మిస్ వరల్డ్ పోటీదారులు చార్మినార్ దగ్గర హెరిటేజ్ వాక్ చేసి, లాడ్ బజార్ దుకాణాల్లో గాజులు తొడిగించుకున్నారు. వందకు పైగా దేశాల అమ్మాయిలు. వ్యాపారులు డబ్బులు తీసుకోకుండా గాజులు బహుమతిగా ఇచ్చారని పత్రికలు రాశాయి. తెలంగాణ టూరిజం నినాదం 'జరూర్ ఆనా'. పీఆర్ కొలతల్లో ఇది పెద్ద విజయం. లక్షలు పోసినా రాని ప్రచారం ఆ బజారుకు ఒక్క సాయంత్రంలో వచ్చింది, అందులో అబద్ధం ఏమీ లేదు. మర్నాడే రామప్ప గుడి దగ్గర స్థానిక మహిళలు ఆ పోటీదారుల కాళ్లు కడుగుతున్న వీడియో బయటికొచ్చి పెద్ద రభస అయింది. అతిథి మర్యాద అని ఒక వైపు, తెలంగాణ ఆడవాళ్లకు అవమానం అని ఇంకో వైపు. ఆ వాదనలో రాజకీయ నాయకుల గొంతులే ఎక్కువగా వినిపించాయి. నీళ్లు పోసిన ఆడవాళ్లు ఏమనుకున్నారో నేను ఏ పత్రికలోనూ చదవలేదు. ఆ నెలలోనే మిస్ ఇంగ్లండ్ పోటీ వదిలేసి వెళ్లిపోయి, తమను స్పాన్సర్ల ముందు ఆడించారని ఆరోపించింది, నిర్వాహకులు కాదన్నారు. వెళ్లిపోగలగడం, వెళ్లాక నోరు విప్పితే వినేవాళ్లుండటం, ఈ రెండూ ఆమెకు ఉన్నాయి. కడిగించుకున్న కాళ్లకూ కడిగిన చేతులకూ మధ్య తేడా అందులోనే ఉందనుకుంటాను.

ఆ వాక్ జరిగిన 5 రోజులకు, మే 18 ఆదివారం పొద్దున, చార్మినార్‌కు కూతవేటు దూరంలో గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన ఇల్లు ఉన్న భవనం అంటుకుని 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. పుస్తకంలో 'సంక్షోభ సమాచార నిర్వహణ' అని ఒక అధ్యాయం ఉంది, మొదటి గంటలో ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి అని. ఆ పాఠం వచ్చినప్పుడు ఎవరో గుల్జార్ హౌజ్ తీసుకుందామా అన్నారు. వెనక బెంచీలవాళ్లు వద్దన్నారు. పొగ మా గల్లీ దాకా వచ్చింది మేడమ్, అన్నారు. ఎక్కడో ఓ కెమికల్ ఫ్యాక్టరీ తీసుకుని అధ్యాయం పూర్తి చేశాం.

ఇంటర్నల్ మార్కుల కోసం అందరూ ఒక్కో ప్రెస్ నోట్ రాయాలి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దాన్ని ఆధారం చేసుకుని ఒక దుకాణం తరఫున రాయమన్నాను. వచ్చినవాటిలో అన్నిటికంటే బాగున్నది గడుల గురించి ప్రశ్న అడిగిన అమ్మాయిది. శీర్షిక సూటిగా ఉంది, మొదటి పేరాలో ఎవరు, ఏమిటి, ఎప్పుడు అన్నీ ఉన్నాయి, నిజాం కాలం నాటి వైభవం అనే అరిగిపోయిన మాట లేదు. రాళ్లు అద్దేవాళ్లూ లేరు. తరతరాల నైపుణ్యం అని ఒకచోట ఉంది, ఆ నైపుణ్యం ఎవరి చేతుల్లో ఉందో లేదు. పిలిచి అడిగాను, మీ అమ్మ గురించి ఒక వాక్యం రాయొచ్చు కదా అని. ఫోటో కూడా పెడితే ఏ పత్రికైనా వేసుకుంటుంది అని కూడా అన్నాను.

ఆమె చెప్పింది నాకు గుర్తున్నంతవరకు రాస్తాను. "అమ్మీ పేరు రాస్తే దుకాణానికి పేరొస్తుంది. అమ్మీకేం వస్తుంది మేడమ్? ఫోటోకి కూలి ఇవ్వరు కదా. రేపు ఎవరైనా టీవీవాళ్లు వచ్చి రేటెంత అని అడిగితే, అమ్మీ నిజం చెప్తే, ఎల్లుండి నుంచి సరుకు పక్కింటికి పోతుంది." కాసేపాగి ఇంకో మాట కూడా అంది. పాతబస్తీ ఆడవాళ్లు పేపర్లోకి ఎప్పుడొచ్చినా ఏడుస్తూనే వస్తారు, మా అమ్మీ అలా రావడం నాకిష్టం లేదు అని.

ఈ రెండో మాటకు వెనక చరిత్ర ఉంది. 1991లో విమానంలో ఒక ఎయిర్ హోస్టెస్ గుర్తించిన పదేళ్ల పిల్ల, ఆమెను పెళ్లి పేరుతో తీసుకుపోతున్న ముసలి అరబ్బు, ఆ తర్వాత ఏళ్ల తరబడి వచ్చిన కథనాలు మనకు గుర్తే. అంతకు ముందే 1982లో సాగర్ సర్హదీ 'బాజార్' సినిమా ఈ ఊరి పెళ్లి బేరాల మీద వచ్చింది. ఆ అన్యాయాలు నిజం, వాటి గురించి మాట్లాడటం అవసరం. కానీ ఒక బస్తీ ఆడవాళ్లంతా ఆ ఒక్క ఫోటోలో ఇరుక్కుపోతే, కెమెరా ముందు నుంచి తప్పుకోవడం కూడా ఆత్మగౌరవమే అవుతుంది. మనలో చాలామంది దాన్ని పర్దా అనో భయం అనో అనుకుని సానుభూతి చూపిస్తాం. ఈ అమ్మాయి చూపించింది లెక్క. కనబడటానికి కూడా ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు అని అడిగింది.

కురుక్షేత్రంలో ధర్మరాజు అన్నమాట తీసుకుందాం. అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా చెప్పి, ఏనుగు అన్న ముక్క గొంతు తగ్గించి పలికాడు. శంఖాల మోతలో ద్రోణుడికి అది వినబడలేదు. ప్రెస్ నోట్ కళ అంతా ఇందులో ఉంది. ప్రతి మాటా నిజమే, ఏ మాట గట్టిగా ఏ మాట మెల్లగా అన్నదే నేర్పు, శంఖాలు ఊదడానికి వేరే మనుషులుంటారు. ధర్మరాజు చేసింది తప్పని చెప్పడం కష్టం కాదు. ఆ నిజం పూర్తిగా వినబడి ఉంటే నష్టపోయేది ఆయన పక్షం, వినబడకపోవడంతో ప్రాణం పోయింది ఎదుటివాడిది. మా విద్యార్థిని వదిలేసిన వాక్యం వేరు. అది వినబడితే నష్టపోయేది ఆమె తల్లి. నిజం దాచడాన్ని తూచాలంటే ఏం దాచారని కాక, అది బయటపడితే దెబ్బ ఎవరికి తగులుతుందని అడగాలి. బలవంతుడి మౌనాన్నీ బలహీనురాలి మౌనాన్నీ ఒకే తప్పుగా రాసే నీతిశాస్త్రం నాకు నచ్చదు.

అయితే ఈ న్యాయం నాకు పూర్తిగా ఊరట ఇవ్వలేదు. 2015 జనవరిలో పాతబస్తీలో భవానీనగర్ ప్రాంతంలో పోలీసుల సోదాల్లో గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలు బయటపడ్డారు. ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చినవాళ్లు. ఇరుకు గదుల్లో లక్క పొగల మధ్య పనిచేస్తున్న ఆ పిల్లలు గల్లీలో ఎవరికీ తెలియకుండా అన్నాళ్లు ఉన్నారని నమ్మలేం. ఎవరి కూలి వాళ్లు కాపాడుకోవడానికి పాటించిన మౌనాలన్నీ కలిసి ఆ గదులకు గోడలయ్యాయి. తల్లి రేటు బయటపెట్టని కూతురి మౌనం, పిల్లలను పెట్టుకున్న యజమాని మౌనం ఒకటి కావు. కానీ కాగితం మీద రెండూ ఒకే ఖాళీ. ఆ ఖాళీ వల్ల లాభపడే దుకాణమూ ఒకటే కావచ్చు. అమ్మాయి కారణాన్ని గౌరవించినంత మాత్రాన ఆ లాభం ఆగదు.

ఇక్కడ నాకు మన పనే గుర్తొచ్చింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ గొంతుతో మాట్లాడారు. వాళ్లను చరిత్రలోకి తెచ్చిందని ఆ పుస్తకాన్ని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ వాళ్లు మాట్లాడింది పోరాటం ముగిసిన ముప్ఫై ఏళ్ల తర్వాత. ఎదురుగా కూర్చున్నది వాళ్ల మాట వినడానికే వచ్చిన ఆడవాళ్లు. రేపటి సరుకు ఎవరిస్తారన్న భయం ఆ సంభాషణ మీద లేదు. దాని నుంచి 'కనబడటం మంచిది' అనే సూత్రాన్ని ఒక్కటే తీసి, ఆ పరిస్థితులను వదిలేసి, సర్వేలకూ డాక్యుమెంటరీలకూ ఎన్నిసార్లు వాడామో ఆలోచించాలి. 'అదృశ్య శ్రమ' అని మనం వ్యాసాలు రాస్తాం. ఆ వ్యాసం రాసినవాళ్ల రెజ్యూమెలో ఒక వరుస చేరుతుంది. దుకాణదారుకు ఫోటో ఇచ్చే లాభం లాంటిదే అది కూడా. ఇప్పుడు నేను రాస్తున్నదీ అందుకు మినహాయింపు కాదు. అందుకే ఆ అమ్మాయి గల్లీ పేరు గానీ, ఆమె రాసిన దుకాణం పేరు గానీ ఇందులో లేవు. ఆమె చదివి ఒప్పుకున్నాకే దీన్ని పంపుతున్నాను. ఒక వాక్యం కొట్టేసింది కూడా.

పీఆర్ సిద్ధాంతాల్లో గ్రూనిగ్, హంట్ 1984లో చెప్పిన నాలుగు నమూనాలు పరీక్షలో తప్పకుండా వస్తాయి. నాలుగోది ఆదర్శమట. సంస్థ, ప్రజలు ఇద్దరూ ఒకరి మాట ఒకరు విని ఇద్దరూ మారడం. క్లాసులో దీన్ని చెప్పినప్పుడు పిల్లలు మర్యాదగా రాసుకున్నారు. గాజులు తొడిగే మనిషి గురించి చెప్తే బాగా అర్థమైంది. పల్లెల్లో మలారం భుజాన వేసుకుని వచ్చే గాజులాయన, పరాయి మగవాడైనా, ఇంటి ఆడవాళ్ల చెయ్యి పట్టుకోవడానికి అనుమతి ఉన్న ఒకే ఒక్క మనిషి. వేళ్లు దగ్గరికి నొక్కి గాజు ఎక్కిస్తుంటే నొప్పెడితే చెయ్యి లాక్కోవచ్చు, సైజు మార్చమనొచ్చు, ఇవాళ వద్దనొచ్చు. వద్దంటే ఆయనకు బేరం పోతుంది తప్ప ఆ చేతికేం కాదు. రాళ్లు అద్దే మనిషికి తన కూలి ఇచ్చేవాళ్లతో ఆ వెసులుబాటు లేదు. అది లేనిచోట రెండు వైపులా మాట్లాడుకోవడం అన్నది బొమ్మ గీయడానికి బాగుంటుంది. వృత్తి నియమావళి గురించిన అధ్యాయం మా సిలబస్‌లో చిట్టచివరి యూనిట్. పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1958లో ఏర్పడింది, 1968 ఏప్రిల్ 21న ఢిల్లీ సమావేశంలో నియమావళి తీసుకుంది. పరీక్షల ముందు హడావిడిలో ఈ రెండు తేదీలే పిల్లలకు మిగులుతాయి.

ప్రెస్ నోట్ అభ్యాసాన్ని నేను కొంచెం మార్చాను. నోట్‌తో పాటు ఇంకో కాగితం ఇవ్వాలి. ఇది చదివిన విలేకరి ఏ ప్రశ్న అడిగితే మీరు జవాబు చెప్పరు, ఎందుకు చెప్పరు, చెప్పకపోవడం వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అందులో రాయాలి. మార్కులు రెండింటికీ సమానం. ఇంకో షరతు, నోట్‌లో ఎవరి పని గురించి ఉందో వాళ్లకు ముందు చదివి వినిపించాలి. కొందరు పిల్లలకు ఇది వేళాకోళంగా తోచింది, దుకాణం వాళ్లకి ఇస్తే ఉద్యోగం ఇస్తారా మేడమ్ అన్నారు. ఇవ్వరు అని చెప్పాను.

ఆ అమ్మాయి తన నోట్ ఇంట్లో ఉర్దూలోకి మార్చి చదివింది. వాళ్లమ్మ భౌగోళిక గుర్తింపు అంటే ఏమిటని అడిగి, విన్నాక, ఊరికి ఇచ్చారా గాజుకి ఇచ్చారా అందట. పేరు వద్దంది. కానీ ఒక సంగతి రాయమంది. రంజాన్‌కు ముందు నెలలో పని రెట్టింపు అవుతుంది, రాత్రి రెండింటి దాకా కూర్చోవాలి, రేటు మాత్రం అదే ఉంటుంది. 'పాతబస్తీలో ఇళ్ల దగ్గర రాళ్లు అద్దే మహిళలు' అని బహువచనంలో రాస్తే ఎవరి సరుకూ పోదు అని ఆమే చెప్పిందట. మూడో పేరాలో ఆ వాక్యం చేరింది. రెండో కాగితంలో అమ్మాయి రాసిన మొదటి ప్రశ్న, జతకు ఎంత ఇస్తారు అని. దాని ఎదురుగా 'ఇప్పుడే చెప్పను' అని ఉంది, కింద కారణం పదకొండు వరుసలు. నోట్‌ను దుకాణం యజమానికి ఇంకా చూపించలేదు. పెళ్లిళ్ల సీజన్ అయిపోయి, ఈ నెల కూలి లెక్క తేలాక చూపిస్తానంది.